చెయ్యి ఎత్తితే ఆపమని

వెనక గది, సోమవారం మధ్యాహ్నం

వదినగారికి,

మీ మరదలు రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకండి. మీ తమ్ముడు బాగున్నారు. నాకు నాలుగో నెల నడుస్తోంది, తిన్నది ఒంటికి పడుతోంది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోలేకపోతున్నాను వదినా. అది చెప్పడానికే రాస్తున్నాను. అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మరమగ్గాల షెడ్డులో పని మానేసి, పెళ్ళయి ఇక్కడికొచ్చిన రెండో నెల నుంచి నా చెవులు నా మాట వినడం లేదు. గిన్నెకు గరిట తగిలితే పంటి మీద గీసినట్టు ఉంటుంది. ప్లాస్టిక్ సంచి నలిగితే ఒళ్ళు జలదరిస్తుంది. పక్కింటి గేటు గడియ పడితే చెవిలోంచి దవడ దాకా నొప్పి పాకుతుంది. అది తగ్గేలోపు ఇంకోటి. ఒక చోట కూర్చోలేను. వంటగదిలోంచి ముందుగదికి, అక్కణ్ణుంచి వెనక గదికి, రోజంతా తిరుగుతూనే ఉంటాను. శబ్దం లేని చోటు ఈ ఇంట్లో ఎక్కడా దొరకలేదు.

మీ తమ్ముడి గొంతు సంగతి మీకు చెప్పాలా? కూరగాయల మార్కెట్టులో వేలం పాడే మనిషి. నాలుగు వందల మందికి వినపడాలి. అందుకే అక్కడ అందరూ ఆయన్ని మైకు అని పిలుస్తారు. పదకొండింటికి ఇంటికొచ్చి గుమ్మంలోంచే "ఏం చేస్తున్నావ్!" అంటారు. ప్రేమగానే అంటారు. నాకు మాత్రం చెవిలో సూది దిగుతుంది. వెనక గదిలోకెళ్ళి తలుపు వేసుకుంటాను. నిన్న అడిగారు, "నాతో మాట్లాడటం ఇష్టం లేదా నీకు?" అని. ఉందన్నాను. నేనన్నది ఆయనకు వినపడలేదు.

మందుల షాపులో చుక్కలిచ్చారు, పనిచెయ్యలేదు. దూది పెట్టుకుంటున్నాను, దాని మీద మైనం. ముందు ఒక ఉండ చాలేది, ఇప్పుడు రెండు కావాలి.

ఇంకో అయిదు నెలలకు ఈ ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తుంది. నా బిడ్డ ఏడుపు నేనే ఓర్చుకోలేకపోతే ఏం చెయ్యాలి? బిడ్డ ఏడ్చినప్పుడల్లా తలుపు వేసుకునే తల్లి ఉంటుందా? దీనికి వైద్యం ఏదైనా ఉందా వదినా? మీరు నలుగురిలో తిరిగే మనిషి, ఎవరినైనా అడిగి రాయండి. ఆయనకు చెప్పకండి. తన గొంతే నాకు పడదని తెలిస్తే తట్టుకోలేరు.

మీ మరదలు


షెడ్డు బయటి మెట్లు, భోజనాల గంట

ఏమే మూగపిట్టా,

ఏడేళ్ళు నా పక్క మగ్గం మీద పనిచేశావు. అన్నీ కలిపినా నలభై మాటలు మాట్లాడి ఉండవు. ఇప్పుడు ఏకంగా రెండు పేజీలు! నిన్ను నా తమ్ముడికి చేసుకున్నందుకు ఇదొక లాభం.

ఫోన్ నాకూ వద్దులే. నువ్వు మాట్లాడితే దోమ పాడినట్టుంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. మా మైకు గాడి ఫోన్ మాత్రం చేతికి అంత దూరంలో పెట్టుకున్నా వినపడుతుంది.

కడుపుతో ఉన్నప్పుడు ఒకరికి వాసన పడదు, ఒకరికి అన్నం పడదు. నీకు మొగుడు పడలేదేమో. నవ్వవే, పరవాలేదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. వాడు పాలవాణ్ణి పిలిస్తే పక్క వీధి పాలవాడు కూడా వచ్చేవాడు. కానీ నువ్వు దాచుకున్న కొద్దీ వాడు లేనిపోనివి ఊహించుకుంటాడు. మొన్న నన్నడిగాడు, "అక్కా, ఆ పిల్లకు నేనంటే భయమా, అసహ్యమా?" అని. అంత గొంతూ ఎంత చిన్నదైపోయిందో.

కాబట్టి చెప్పు. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి కంచం కింద పెట్టు. ఇద్దరూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ కండెలకు నూలు చుట్టే ఆవిడ చెల్లెలికి ఇలాంటిదే వస్తే పెద్దాసుపత్రిలో ఏదో పరీక్ష చేసి దారి చూపించారట. సూదులూ కోతలూ ఏమీ ఉండవట, భయపడకు.

ఒక్కటి మాత్రం విను. షెడ్డు వల్ల వచ్చిందని ఎక్కడా అనకు. పదిహేడేళ్ళుగా నేను ఇదే షెడ్డులో ఉన్నాను. నాకేమైంది?

నీ వదిన


వెనక గది, పరీక్ష అయిన నాలుగో రోజు

వదినగారికి,

మీరు చెప్పినట్టే చెవుల్లో నొప్పని కాగితం రాసి కంచం కింద పెట్టాను. ఆయన భోంచేసి, కంచం ఎత్తి, రెండుసార్లు చదివారు. చెయ్యి కూడా కడుక్కోకుండా "పద" అన్నారు.

డాక్టరుగారు చెవిలో దీపం వేసి చూశారు. మైనం తీసి శుభ్రం చేశారు. లోపల ఏమీ లేదన్నారు. "ఇంట్లో అత్తగారితో ఏమైనా...?" అని ఆయన్ని అడిగారు. "మా అమ్మ పోయి ఆరేళ్ళండీ!" అన్నారు మీ తమ్ముడు. ఆ గొంతుకు డాక్టరుగారే ఉలిక్కిపడి, వెంటనే పరీక్షకు చీటీ రాసిచ్చారు.

పరీక్ష గది చిన్నది, ఒక పక్క అద్దం. పరీక్ష చేసే అమ్మాయిది నా ఈడే. బయట వరుస గుమ్మం దాటింది, పాపం ఊపిరాడటం లేదు ఆమెకు. నా చెవులకు డిప్పలు పెట్టి, "శబ్దం వస్తుంది, చెయ్యి ఎత్తు, అంతే" అని తలుపు వేసి అద్దం అవతల కూర్చుంది. ఆ గది ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్కడే ఉండిపోవాలనిపించింది. శబ్దం సన్నగా మొదలై కొంచెం కొంచెం పెరుగుతుంది. ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని చెయ్యి ఎత్తాను. ఎత్తగానే ఆపేసింది. ప్రతిసారీ అంతే. నా మాట అంత మర్యాదగా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

చివరికి తేలిందేమిటంటే నాకు సగం చెవుడట. శబ్దం పెంచే మిషన్ ఇచ్చారు. పదిహేను రోజులు పెట్టుకుని చూసి మళ్ళీ రమ్మన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అలకా కాదు, పాడూ కాదు, వినపడక పలకలేదన్నమాట!" అని మార్కెట్టంతా చెప్పుకున్నారు. ఇప్పుడు నా కోసం ఇంకాస్త గట్టిగా మాట్లాడుతున్నారు. నా ముఖం దగ్గరికి వంగి మరీ.

మిషన్ పెట్టుకుంటే నా చీర కుచ్చిళ్ళ చప్పుడు కూడా రంపంలా ఉంది. నిన్న ఆయన తుమ్మారు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆయన బయటికెళ్ళగానే తీసి పప్పు డబ్బాలో దాచేస్తాను, చెప్పుల చప్పుడు వినగానే మళ్ళీ పెట్టుకుంటాను. చెవుడుంటే నొప్పెందుకని అడగాలనిపించింది. చదువుకున్నవాళ్ళను ఏమని అడుగుతాను? అలవాటైతే తగ్గుతుందేమో. అయిదో నెల వచ్చేసింది.

మీ మరదలు


మా గది, పనికి వెళ్ళే ముందు

ఒసే పిచ్చిమొద్దూ,

ముందు ఆ మిషన్ తీసి అవతల పెట్టు. తీశాక మిగతాది చదువు.

తీశావా? చెయ్యి ఎత్తితే మన షెడ్డులో ఏమిటే అర్థం? మగ్గం ఆపమని! నీకు పన్నెండేళ్ళప్పుడు ఆ ముక్క నేర్పింది నేనే. "పోగు తెగినా, వేలు ఇరుక్కున్నా అరవకు, ఎవరికీ వినపడదు, చెయ్యి ఎత్తు" అని. నువ్వు ఆ గాజు గదిలో చేసింది అదే. ఆ పిల్లేమో వినపడగానే ఎత్తుతావని చూస్తోంది. నువ్వేమో ఇక భరించలేనప్పుడు ఎత్తావు. నీకు మొదటిసారి వినపడింది అప్పుడేనని రాసుకుంది ఆమె. సగం చెవుడు కాక ఏం తేలుతుంది!

నీ ఉత్తరం చదువుతూ పగలబడి నవ్వాను. తర్వాత ఆ తుమ్ము దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అంత నొప్పి నాలుగు రోజులు పట్టి ఉంచావా? ఎందుకే నీకు అంత ఓర్పు?

నువ్వెళ్ళి నోరు తెరిచి చెప్పవు, నాకు తెలుసు. అందుకని కింద ఆమెకే రాస్తున్నాను. ఈ కాగితం చేతిలో పెట్టి నిలబడు, చాలు.

పరీక్ష చేసే అమ్మాయికి. అమ్మా, ఈ కాగితం తెచ్చిన పిల్ల నా మరదలు. ఏడేళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసింది. అక్కడ చెయ్యి ఎత్తడం అంటే ఆపమని. మీ గదిలో కూడా ఆపమనే ఎత్తింది. శబ్దం ఉందని చెప్పడానికి కాదు. ఈ పిల్లకు చీమ నడిచినా వినపడుతుంది. దయచేసి మళ్ళీ చెయ్యండి. ఎందుకో, ఎప్పుడు ఎత్తాలో కాస్త విడమరిచి చెప్పండి. తనంతట తాను అడగదు. మీరే అడగాలి.

నీ వదిన


ముందుగది, శనివారం

వదినగారికి,

మీ కాగితం ఆమె చేతిలో పెట్టి నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. బయటివాళ్ళను కాసేపు ఆగమని చెప్పి, తలుపు వేసి, నా పక్కన కూర్చుంది. "తప్పు నాది" అంది. "ఎందుకో చెప్పకుండా చెయ్యి ఎత్తమన్నాను." అంత చదువుకున్న మనిషి నాతో అలా అంటే నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ పరీక్ష. ఈసారి ఉందా లేదా అన్నంత సన్నగా వినపడగానే ఎత్తమంది. తర్వాత ఇంకో పరీక్ష, ఎక్కడ ఇబ్బంది మొదలవుతుందో అక్కడ ఎత్తమని. నా వినికిడి బాగుందట. బాగా సన్నటి కీచు శబ్దాలు మాత్రం కాస్త తగ్గాయట, అది మగ్గాల వల్లనట. ఓర్చుకునే హద్దే చాలా కిందికి దిగిపోయిందట. మామూలు మాటల దగ్గరే నాకు నొప్పి మొదలవుతోంది. "ఇది నీ మనసు కల్పన కాదు, నొప్పి నిజమే" అంది. ఆ ఒక్క మాటకే సగం బరువు దిగింది. షెడ్డులో చప్పుడు తగలకుండా చెవులకు పెట్టుకునే కప్పులు ఇచ్చేవారా అని అడిగింది. అలాంటివి మేం చూడలేదన్నాను.

వైద్యం ఉంది వదినా. చుక్కలూ మాత్రలూ కాదు. మొదటిది, ఇంట్లో దూది మానాలి. చీకట్లో ఎక్కువసేపు ఉన్న కంటికి మామూలు వెలుగే మంటలా తోస్తుంది కదా, దూది వెనక చెవీ అంతేనట. నిశ్శబ్దం పెంచిన కొద్దీ లోపల శబ్దం పెరుగుతుందట. ఒక్కసారిగా కాదు, రోజుకు కాసేపు చొప్పున మానాలి. మార్కెట్టులాంటి చోటికి వెళ్తే మాత్రం పెట్టుకోవచ్చు. రెండోది, చెవి వెనక పెట్టుకునే ఇంకో చిన్న మిషన్. ఇది ఏదీ పెంచదు. కొళాయి సన్నగా వదిలినట్టు "స్" మంటూ ఉంటుంది, అంతే. మూడోది, వారానికోసారి ఆమెతో గంటసేపు మాట్లాడాలి. నాకు పడని శబ్దాలన్నీ తేలిక నుంచి కష్టం దాకా వరుసగా రాసుకుని, ఒక్కొక్కటి కొంచెం కొంచెం వినడం అలవాటు చేసుకోవాలి.

ఎన్నాళ్ళని అడిగాను. అడిగాను వదినా, నేనే! ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైన. అందరికీ పూర్తిగా పోదు, చాలామందికి మామూలుగా బతకగలిగేంత తగ్గుతుందంది. నాకున్నది నాలుగు నెలలు. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. రోజుకు ఇరవైసార్లు క్యాలెండరు దగ్గరికి వెళ్తున్నాను.

సంగతి తెలిశాక మీ తమ్ముడు ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతున్నారు. చెప్పులు వీధిలోనే విప్పి, మునివేళ్ళ మీద లోపలికొస్తున్నారు. గిన్నెల మూతలకు గుడ్డలు చుట్టారు. మొన్న ఆసుపత్రిలో ఇదంతా విని ఆమె కోప్పడింది. "మీరు ఇంటిని దూదిలో పెడుతున్నారు. మామూలుగా మాట్లాడండి" అంది. "మామూలంటే ఎంతమ్మా?" అన్నారు ఈయన. నిజంగా తెలియదు ఆయనకు. ఆమె చూపించింది, ఇంతని. బడిపిల్లాడిలా ఆమెతో పాటు పలికారు.

నా వరుస పంపుతున్నాను. కాగితం చప్పుడు, చీపురు, కొళాయి, స్పూను, ప్లాస్టిక్ సంచి, మిక్సీ, కుక్కరు కూత, గేటు గడియ, ఆయన మాట, ఆయన నవ్వు, ఆయన తుమ్ము.

మీ మరదలు


షెడ్డు బయటి మెట్లు

మరదలా,

వాడి నవ్వు పదోదీ, తుమ్ము పదకొండోదీనా! ఆ వరుస గోడకు అంటించు. వాడి పొగరు దిగుతుంది.

ఆ అమ్మాయికి నా దండాలు చెప్పు. చేసిన తప్పు ఒప్పుకున్న మనిషిని ఈ మధ్య చూడలేదు.

నేను రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండున్నాయి. మొదటి ఉత్తరంలో దేని గురించి నా ప్రాణం తీశావో అది అందులో లేదేం? బిడ్డ ఏడుపు ఎన్నో మెట్టు? మర్చిపోయావనుకోను. నువ్వు మర్చిపోయే రకం కాదు. ఆ అమ్మాయి దగ్గర ఏం దాస్తున్నావు?

నీ వదిన


వెనక గది, తలుపు వేసుకుని

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడుసార్లు రాసి చింపాను.

నేను కడుపుతో రెండో నెలలో ఉన్నప్పుడు ఎదురింటి దర్జీ భార్య తన నాలుగు నెలల పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి, గుండీలు కొనుక్కొస్తానని వెళ్ళింది. పది నిమిషాలన్నది. వాడు లేచి ఏడ్చాడు. ఎత్తుకుని తిరిగాను. ఊపాను. ఏడుపు ఆగలేదు. ముందుగది, వంటగది, వెనక గది, ఎక్కడికెళ్తే అక్కడికి ఆ ఏడుపు నాతోనే వస్తోంది, నా భుజం మీదే ఉంది కదా. తర్వాత ఒక్కసారి నిశ్శబ్దం అయింది. అమ్మయ్య అనుకున్నాను. వదినా, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు చూసుకున్నాను. నా అరచెయ్యి వాడి నోటి మీద ఉంది.

ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. తీసేశాను. వాడు మళ్ళీ ఏడ్చాడు, బాగానే ఉన్నాడు, ఇప్పటికీ బాగానే ఉన్నాడు. వాళ్ళమ్మ వచ్చి "అల్లరి చేశాడా?" అంటే లేదన్నాను. అప్పటి నుంచి ఆ ఇంటి వైపు చూడను. నాకు పొగరని వాళ్ళు అనుకుంటున్నారు.

ఆ చెయ్యి నాదే. అది మళ్ళీ అలా వెళ్ళదని నేను ఎవరికి మాటివ్వగలను? వైద్యం త్వరగా కావాలని కొట్టుకుంటున్నది అందుకు. ఆయనకు తెలియదు. ఆసుపత్రి అమ్మాయికి చెబితే బిడ్డను నా దగ్గర ఉంచవద్దంటారేమో. చదివాక ఈ కాగితం చింపేయండి.

మీ మరదలు


మా గది, సెలవు రోజు

అమ్మా,

చింపేశాను. చింపే ముందు నాలుగుసార్లు చదివాను.

నీకు నేనొకటి చెప్పాలి. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. షెడ్డు పేరెత్తకని రాశాను చూడు, అప్పుడు.

చెవులకు కప్పులు ఇచ్చారు. నువ్వు చేరిన ఏడే రెండు పెట్టెలు వచ్చాయి, అరవై జతలు. ఆడవాళ్ళ వైపు మేస్త్రిని నేను కాబట్టి నా చేతికిచ్చి పంచమన్నారు. నేనొకటి పెట్టుకుని చూశాను. చెమట, దురద. మగ్గం చప్పుడులో తేడా వస్తే చెవికి తెలియదు, పోగు తెగితే గుడ్డ పాడవుతుంది, మాట నాకొస్తుంది. "ఇవన్నీ సుకుమారాలు, మేం బతకలేదా" అని బీరువాలో పెట్టి తాళం వేశాను. అడిగినవాళ్ళకు పంచానని చెప్పాను. అప్పుడు నీకు పన్నెండేళ్ళు. నా పక్కనే నిలబెట్టుకున్నాను, జాగ్రత్తగా చూసుకుంటానని మీ అమ్మకు మాటిచ్చి.

నాకేమైందని అడిగాను కదా. నా ఎడమ చెవిలో ఆరేళ్ళుగా కీచుమని మోగుతూనే ఉంది. కుడి చెవి సగం లేదు. ఫోన్లో నీ గొంతు దోమలా ఉందని వెక్కిరించాను. దోమ గొంతు నీది కాదు, చెవుడు నాది.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, అది నీ బలహీనత. ఒక్క పని చెయ్యి. నాకు రాసింది ఆ అమ్మాయికి చెప్పు. దాచిపెట్టి తాళం వేస్తే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకో.

వదిన


ముందుగది

వదినకు,

మీ ఉత్తరం అందింది.

అందుకే మూడు వారాలు రాయలేదు. మనసులో ఏమీ లేదని రాద్దామని కూర్చుని, కాగితం మడిచి పక్కన పెట్టేశాను. ఉంది. అరవై జతలున్నాయి, నాకొకటి రాలేదు. ఎప్పుడైనా నేను చెవులు మూసుకుంటే "చేతులు ఖాళీగా పెట్టకు" అని నా చేతుల మీద కొట్టేవారు మీరు. నేను మర్చిపోలేదు.

మీరంటే కోపంగా ఉంది. ఇలా ఎవరికీ ఎప్పుడూ రాయలేదు. రాశాక ఇల్లంతా రెండుసార్లు తిరిగొచ్చాను.

మీరు చెప్పింది మాత్రం చేస్తాను. వచ్చే బుధవారం.

మీ మరదలు


షెడ్డు బయటి మెట్లు

మరదలా,

ఏడేళ్ళు నా పక్కన నిలబడి ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు నువ్వు. ఇప్పుడు మాట్లాడావు. ఆ కోపం ఉంచుకో, నీ హక్కు.

బీరువా తీశాను. సగం కప్పుల రబ్బరు ఎండిపోయి పగిలింది. ఆఫీసుకెళ్ళి జరిగింది చెప్పాను. పెద్దాయన నన్ను నిలబెట్టి గంటసేపు తిట్టాడు, అందులో సగం వినపడలేదనుకో. కొత్తవి తెప్పించాడు. "మేస్త్రమ్మకు కొమ్ములొచ్చాయి" అని పిల్లలు నవ్వారు. నవ్వనీ. పెట్టుకోనిదే మగ్గం ఎక్కనివ్వడం లేదు.

నేనూ గాజు గదిలో కూర్చున్నాను. ఎప్పుడు ఎత్తాలో ముందే అడిగాను. పెంచే మిషన్ నాకిచ్చారు. పదిహేడేళ్ళలో మా ఇంటి గడియారం చప్పుడు చేస్తుందని నాకు తెలియదే!

బుధవారం ఏమైంది?

వదిన


ముందుగది, కిటికీ తీసి

వదినగారికి,

చెప్పాను. చెప్పేటప్పుడు ఆయన్ని కూడా కూర్చోబెట్టుకున్నాను. ఆమె భయపడలేదు. బిడ్డను తీసుకుంటామనీ అనలేదు. "ఆ చెయ్యి పిల్లాడి మీద కోపంతో వెళ్ళలేదు. నొప్పిని ఆపడానికి వెళ్ళింది. కానీ జాగ్రత్త కావాలి" అంది. ఓర్పు అయిపోతోందనిపిస్తే బిడ్డను మంచం మధ్యలో పడుకోబెట్టి, రెండు నిమిషాలు గది దాటి రావాలి. మనిషిని పిలవాలి. అప్పుడు చెవులకు కప్పులు పెట్టుకున్నా తప్పులేదు. ఇది మీ తమ్ముడితో కూడా వల్లె వేయించింది. ఇంటికొచ్చాక ఆయన, "ఎదురింటివాళ్ళ గుమ్మం ఎందుకు తొక్కవో ఇప్పుడు అర్థమైంది" అన్నారు. మామూలు గొంతుతో. ఆమె నేర్పిన మామూలుతో.

పన్నెండో మెట్టుకు ఏడుపు కావాలి కదా. ఆమె ఫోన్లో వేసుకోమని ఒక పసిపిల్ల ఏడుపు ఇచ్చింది, సన్నగా పెట్టి వినమని. ఫోన్లో కీచుగా వస్తే మొదటి రోజే భయపడ్డాను. ఆయన చూసి, "అది నేనే ఏడుస్తాలే" అన్నారు. వదినా, రోజూ సాయంత్రం వంటగది గుమ్మంలో కూర్చుని మీ తమ్ముడు ఉంగా ఉంగా అని ఏడుస్తున్నారు. వేలంలో పది రకాల గొంతులు పట్టే మనిషి కదా, అచ్చం పసిగుడ్డే. సన్నగా మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతారు. ఇక చాలనిపిస్తే నేను చెయ్యి ఎత్తుతాను. ఎత్తగానే ఆపేస్తారు. ఆ ఎత్తే హక్కు నా దగ్గరుందని తెలిశాక భయం సగం చచ్చింది. మొదటి రోజు ఆవలింతంత ఏడుపుకే ఎత్తాను. మొన్న చాలాసేపు ఎత్తలేదు. దర్జీ భార్య పరుగెత్తుకొచ్చింది, "అప్పుడే అయిపోయిందా కాన్పు?" అని. మీసాలున్న బిడ్డను చూసి గుమ్మంలోనే కూలబడి నవ్వింది. ఆవిడకు కూడా ఒక రోజు అంతా చెబుతాను. ఇంకా ధైర్యం రాలేదు.

నొప్పి ఉంది. తగ్గిందని అబద్ధం రాయను. మిక్సీ దగ్గర ఇంకా బయటికి పోతాను. గేటు గడియ పడితే దవడ పట్టేస్తుంది, కానీ అదివరకు గంటసేపు ఉండేది, ఇప్పుడు అన్నం వార్చేలోపు పోతుంది. వెనక గది తలుపు తీసే ఉంటోంది. నెల కూడా లేదు. రెండు కాళ్ళూ వాచాయి, అయినా తిరగడం మానలేదు.

మీ మీద కోపం కొంచెం ఉంది. ఆ గడియారం సంగతి చదివి నవ్వాను కూడా.

మీ మరదలు


మంచం మీద, తొమ్మిదో రోజు

వదినా,

ఆడపిల్ల. మీ తమ్ముడు ఫోన్లో చెప్పే ఉంటారు. మిషన్ లేకపోయినా వినపడి ఉంటుంది మీకు.

పుట్టగానే ఏడ్చింది. ఆయన ఏడుపులా లేదు. ఇంత ప్రాక్టీసూ దండగ అనుకున్నాను ముందు. చెవిలోంచి మెడ దాకా మంట. మంట మొదలైతే అంకెలు లెక్కపెట్టమంది కదా ఆసుపత్రి అమ్మాయి అని మొదలుపెట్టాను. ఆరు దగ్గర లెక్క తప్పాను, పిల్ల పాదం చూస్తూ ఉండిపోయి. ఆగండి, కదులుతోంది.

లేదు, మళ్ళీ పడుకుంది. నిన్న మధ్యాహ్నం చాలా కష్టమైంది. నలభై నిమిషాలు ఏడ్చింది. మంచం మధ్యలో పడుకోబెట్టి గది దాటి వచ్చాను. గోడకు ఆనుకుని నిలబడి ఆయన్ని పిలిచాను. ఎంత గట్టిగా పిలిచానంటే ఆయన సబ్బు నురగతోనే స్నానాల గదిలోంచి వచ్చారు. "నీకింత గొంతుందా!" అన్నారు. నాకూ అదే మొదటిసారి తెలియడం. రెండు నిమిషాల తర్వాత నేనే వెళ్ళి తీసుకున్నాను.

బుధవారం ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంకా ఆరు నెలలైనా వెళ్ళాలన్నారు. మీరు వచ్చేటప్పుడు చిన్న కప్పులు ఒక జత, నా కోసం కాదు, దీన్ని ఎత్తుకుని మార్కెట్టుకు పోతానని వాళ్ళ నాన్న ఒకటే


అక్కా, నేను. అది ఇక్కడిదాకా రాసి పిల్ల దగ్గరికి వెళ్ళింది. మూడు రోజుల నుంచి కాగితం మంచం మీదే ఉంది. పిల్ల కాస్త కుయ్యిమన్నా నాకంటే ముందే లేచిపోతోంది. పూర్తి చెయ్యమంటే "పంపించెయ్యండి, వదినకు అర్థమవుతుంది" అంటోంది. అందుకని ఇలాగే పంపుతున్నాను.